శకర్‌ఖేడా యుద్ధం, 1724: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చరిత్రలో మనందరికీ గుర్తుండే సంవత్సరాలు 1591 (నగరం కట్టింది), 1687 (గోల్కొండ పడింది), 1948 (నిజాం పాలన ముగిసింది). వీటి మధ్యలో 1724 ఉంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఒక పగలు జరిగిన పోరాటం ఇప్పటి తెలంగాణను రెండు వందల ఏళ్లకు పైగా ఎవరు ఏలాలో తేల్చేసింది. అయినా ఆ యుద్ధం పేరు చెబితే చాలామంది "ఎక్కడ అది?" అని అడుగుతారు. అందుకే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఎవరికీ ఎవరికీ మధ్య జరిగిన యుద్ధం ఇది?

ఇద్దరు మొఘల్ సుబేదార్ల, అంటే సుబా (రాష్ట్రం) పాలకుల మధ్య. ఒకవైపు మీర్ ఖమరుద్దీన్ ఖాన్, అంటే నిజాముల్ ముల్క్. తర్వాతి రోజుల్లో మొదటి ఆసఫ్ జా, అంటే హైదరాబాద్ మొదటి నిజాం అయ్యింది ఈయనే. రెండోవైపు పదేళ్లకు పైగా హైదరాబాద్ సుబాను ఏలుతున్న ముబారిజ్ ఖాన్. ఇద్దరికీ యజమాని ఒక్కడే, ఢిల్లీలో ఉన్న మహమ్మద్ షా. ఇద్దరూ ఆ చక్రవర్తి పేరు చెప్పుకునే కత్తి దూశారు. 1724 అక్టోబర్ 11న యుద్ధం జరిగింది. నిజాముల్ ముల్క్ గెలిచాడు. ముబారిజ్ ఖాన్ అక్కడే చనిపోయాడు.

శకర్‌ఖేడా ఎక్కడుంది?

ఇప్పటి మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లాలో, సింద్‌ఖేడ్ రాజా తాలూకాలో. శివాజీ తల్లి జిజాబాయి పుట్టింది ఆ సింద్‌ఖేడ్‌లోనే. అప్పట్లో ఈ ప్రాంతం బేరార్ సుబా కిందికి వచ్చేది. ఔరంగాబాద్‌కు తూర్పున, నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఊరు. 'శకర్' అంటే చక్కెర. గెలిచాక నిజాం ఆ పేరు మార్చి 'ఫతే ఖేడా' అన్నాడు, అంటే గెలుపు ఊరు. పాత గెజెటీర్లలో ఆ పేరు కనిపిస్తుంది కానీ జనం నోట నిలిచింది పాత పేరే. ఇప్పుడు సాఖర్‌ఖేర్డా అంటున్నారు.

నిజాముల్ ముల్క్ ఈ యుద్ధానికి ముందే పెద్దవాడా, దీనితోనే పెద్దవాడయ్యాడా?

ముందే పెద్దవాడు. 1671లో పుట్టాడు, యుద్ధం నాటికి 53 ఏళ్లు. తాత ఖిలిచ్ ఖాన్, తండ్రి ఫిరోజ్ జంగ్ ఇద్దరూ ఔరంగజేబు సేనానులు. తాతగారి కథ వింటే ఆ ఇంటి తీరు అర్థమవుతుంది. 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి ఆయన చెయ్యి ఎగిరిపోయింది. గుడారంలో వైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు ఏరుతుంటే, ఆయన కూర్చుని రెండో చేత్తో కాఫీ తాగుతూ, "మంచి దర్జీ దొరికాడు" అన్నాడని చెబుతారు. ఆ గాయంతోనే కొద్ది రోజుల్లో పోయాడు. ఆయన సమాధి హిమాయత్ సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఉంది.

మనవడు చిన్నప్పటి నుంచి దక్కన్ యుద్ధాల్లోనే పెరిగాడు. 1713లో అప్పటి చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఆయనకు నిజాముల్ ముల్క్ బిరుదు ఇచ్చి దక్కన్ సుబేదారుగా పంపాడు. రెండేళ్లకే, అప్పట్లో ఢిల్లీ దర్బారును ఆడిస్తున్న సయ్యద్ సోదరులు ఆ పదవి లాక్కున్నారు. 1720లో ఆయన మాళవ నుంచి నర్మద దాటి వచ్చాడు. అసీర్‌గఢ్, బుర్హాన్‌పూర్ చేతికి చిక్కాయి. జూన్‌లో రతన్‌పూర్ దగ్గర, ఆగస్టులో బాలాపూర్ దగ్గర సయ్యద్‌ల సైన్యాలను ఓడించి దక్కన్‌ను మళ్లీ దక్కించుకున్నాడు.

మరి ముబారిజ్ ఖాన్? ఆయన పేరే విన్నట్టు లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గెలిచినవాళ్ల పేర్లు వీధులకు, బడులకు, ఆసుపత్రులకు పెట్టుకున్నాం. ఓడినవాడికి చరిత్ర పాఠంలో ఒక్క లైను కూడా మిగల్లేదు.

ఆయన అసలు పేరు ఖ్వాజా మహమ్మద్. మధ్య ఆసియాలోని బల్ఖ్ నుంచి చిన్నతనంలోనే తల్లితో హిందుస్థాన్ వచ్చాడు. ఔరంగజేబుకు బాగా దగ్గరైన ఇనాయతుల్లా ఖాన్ కాశ్మీరీ కూతురిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లితో దర్బారులో దారి తెరుచుకుంది. గుజరాత్‌లో పనిచేసి, 1713 ప్రాంతంలో హైదరాబాద్ సుబేదారుగా వచ్చాడు.

ఆయన వచ్చేనాటికి ఇక్కడ పరిస్థితి ఘోరం. గోల్కొండ సుల్తానులు పోయి పాతికేళ్లయినా మొఘల్ పాలన సరిగా కుదురుకోలేదు. సర్వాయి పాపన్న తిరుగుబాటు జరిగి ఎంతో కాలం కాలేదు. ఆయన్ని 1710లో చంపేశారు. బాటలు భద్రం కాదు, జమీందార్లు శిస్తు కట్టరు, జీతాలు అందని సిపాయిలు ఒక దండు, పంట మీద పడే మరాఠా దళాలు ఇంకో దండు. ముబారిజ్ ఖాన్ ఏళ్ల తరబడి ఊరూరా సైన్యంతో తిరిగి జమీందార్లను లొంగదీశాడు. చౌత్ అనే పన్నును మరాఠాలు వసూలు చేయకుండా అడ్డం నిలబడ్డాడు. కొడుకులను, నమ్మకస్తులను ఫౌజుదార్లుగా (జిల్లా సైనికాధికారులుగా) పెట్టుకున్నాడు. వసూలైన డబ్బులో ఢిల్లీకి చేరింది తక్కువే. నా ఉద్దేశంలో హైదరాబాద్‌ను ఢిల్లీ నుంచి దూరం చేసే పని మొదలుపెట్టింది ముబారిజ్ ఖానే. నిజాం దాన్ని పూర్తి చేశాడు.

ఇద్దరికీ ముందు నుంచీ పగ ఉందా?

లేదు. 1720లో నిజాం గెలిచి వచ్చినప్పుడు ముబారిజ్ ఖాన్ సైన్యంతో వెళ్లి కలిశాడు. నిజాం ఆయన్ని ఆదరించి 7000 మన్సబు (మొఘల్ కొలువులో పెద్ద హోదా) ఇప్పించాడు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇద్దరే ఎదురెదురుగా నిలబడ్డారు.

మరి గొడవ ఎక్కడ మొదలైంది?

ఢిల్లీలో. సయ్యద్ సోదరుల కథ ముగిశాక 1722లో మహమ్మద్ షా నిజాముల్ ముల్క్‌ను వజీరుగా పిలిపించాడు. చక్రవర్తికి అప్పటికి ఇరవై ఏళ్లు. చుట్టూ ఉన్నది కోకీ జియూ, ఖాన్ దౌరాన్ లాంటి ఇష్టులు. ఏ పని కావాలన్నా 'పేష్కష్' పేరుతో లంచం సమర్పించుకోవాలి. నిజాం ఔరంగజేబు కాలపు మనిషి. ఖాలిసా భూములను (చక్రవర్తి ఖజానాకు చెందినవి) ఇజారాకు, అంటే వేలం గుత్తకు ఇవ్వడం ఆపాలన్నాడు, లంచాలు ఆపాలన్నాడు, జిజియా (ముస్లిమేతరుల మీద తలపన్ను) మళ్లీ వేయాలని కూడా అన్నాడు. ఈ చివరిది ఎవరికీ మంచి చేసేది కాదు, అది చెప్పక తప్పదు. కానీ గుత్త విధానం మీద ఆయన కోపం న్యాయమైనది. గుత్తదారు ఏడాదిలో పెట్టుబడి రాబట్టుకోవాలని రైతును పీల్చి పిప్పి చేస్తాడు, వచ్చే ఏడాది ఆ ఊరు ఏమైనా అతనికి పట్టదు.

దర్బారు ఆయన మాట వినలేదు. ఆయన పాతకాలపు దుస్తులను, వంగి చేసే సలాములను చూసి కుర్రకారు వెక్కిరించేవారని చెబుతారు. 1723 డిసెంబర్‌లో వేటకని, గాలి మార్పుకని చెప్పి ఢిల్లీ వదిలాడు. కొంత దూరం వెళ్లాక, మరాఠాలు మాళవ మీద పడ్డారంటూ దక్షిణానికి తిరిగాడు.

అప్పుడు చక్రవర్తి, ఆయన మనుషులు ఒక ఉపాయం వేశారు. దక్కన్ ఆరు సుబాలకు నువ్వే సుబేదారువి, నిజాంను అడ్డుకో అంటూ ముబారిజ్ ఖాన్‌కు రహస్యంగా రాశారు. ఖాందేశ్, బేరార్, ఔరంగాబాద్, బీదర్, బీజాపూర్, హైదరాబాద్, ఇవీ ఆ ఆరు. ఇందులో ముబారిజ్ మామగారు ఇనాయతుల్లా ఖాన్ హస్తం గట్టిగా ఉంది. చక్రవర్తి దగ్గర తన సొంత సైన్యం లేదు. కాబట్టి ఒక సుబేదారును ఇంకో సుబేదారు మీదికి ఉసిగొల్పడమే ఆయనకు తోచిన పరిపాలన.

ఫర్మానా (చక్రవర్తి ఆజ్ఞాపత్రం) ముబారిజ్ చేతిలో ఉంటే, నిజాం తిరుగుబాటుదారే కదా?

కాగితం ప్రకారం చూస్తే అవును. పదవి నుంచి తీసేశాక కూడా ఆయుధం పట్టినవాడు తిరుగుబాటుదారే. కానీ నిజాం ఎక్కడా తాను చక్రవర్తికి ఎదురు తిరిగానని అనలేదు. దర్బారులోని దుష్టులు చక్రవర్తిని తప్పుదారి పట్టించారన్నాడు. ముబారిజ్ వైపు నుంచి చూడండి. పదేళ్లుగా తాను నిలబెట్టిన సుబా అది. చక్రవర్తి స్వయంగా ఆరు సుబాలూ ఇస్తున్నాడు. వద్దంటే రాజద్రోహం, సరేనంటే దక్కన్‌లో అందరికంటే గట్టి సేనానితో పోరాటం. ఆయన రెండోది ఎంచుకున్నాడు. ఇందులో ఆశ ఉంది, నిజమే. విధేయత కూడా ఉంది. రెంటినీ విడదీయడం నావల్ల కాలేదు.

ముబారిజ్ ఖాన్ ముందే ఔరంగాబాద్‌ను ఎందుకు పట్టుకోలేదు?

యుద్ధం నిజానికి ఇక్కడే ఓడిపోయాడు అనుకుంటాను. కబురు అందేసరికి ఆయన మచిలీపట్నం వైపు ఒక జమీందారు కోట ముట్టడిలో ఉన్నాడు. మధ్యలో వదిలి వస్తే పరువు పోతుందని అక్కడే ఉండిపోయాడు. ఆ కోట పని తేల్చుకుని, హైదరాబాద్ చేరి, సైన్యం కూడగట్టేసరికి విలువైన నెలలు గడిచిపోయాయి. ఈలోగా ఔరంగాబాద్‌లో నిజాం బంధువు ఇవజ్ ఖాన్ నగరాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వానాకాలం మొదలయ్యే వేళకు నిజాం కూడా అక్కడికి చేరిపోయాడు.

రాజీకి ఎవరూ ప్రయత్నించలేదా?

నిజాం ఉత్తరాలు రాశాడు, ఒకటి రెండు కాదు. మన వాళ్ల రక్తం మనమే ఎందుకు పారించుకోవాలి, వెనక్కి వెళ్లు అని. ఆ ఉత్తరాల్లో నిజాయితీ ఉండొచ్చు. కానీ వానలు తగ్గేదాకా కాలం గడపడానికి, మరాఠాలతో మాట్లాడుకోవడానికి, తోపులు సిద్ధం చేసుకోవడానికి కూడా అవి ఆయనకు బాగా పనికొచ్చాయి. ముబారిజ్ ఒప్పుకోలేదు.

యుద్ధం ఎలా జరిగింది?

సెప్టెంబర్‌లో నిజాం ఔరంగాబాద్ నుంచి తూర్పుకు కదిలాడు. ముబారిజ్ ఎదురుగా రాకుండా, పూర్ణా నది దాటి, చుట్టూ తిరిగి ఔరంగాబాద్‌ను పట్టుకోవాలని చూశాడు. నిజాం ఆ దారిని మూసేశాడు. శకర్‌ఖేడా దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు.

వానలు అప్పుడే వెనక్కి తగ్గిన రోజులు. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో ఆ నేల దున్నినవాళ్లకు చెప్పక్కర్లేదు. అడుగు వేస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది. అలాంటి నేల మీద గుర్రాలు, ఏనుగులు, తోపుబండ్లు. నిజాం బలం ఆయన తోపుల్లో ఉంది. ముబారిజ్ బలం ఆయన మనుషుల్లో ఉంది. కర్నూలు ఫౌజుదారు, పన్నీ పఠాన్ బహదూర్ ఖాన్ లాంటి వాళ్లు తమ దళాలతో ఆయన వెంట వచ్చారు. అంటే ఆ బురదలో పడిపోయినవాళ్లలో మన కర్నూలు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ముబారిజ్ మనుషులు తోపులకు ఎదురెళ్లి దాడి చేశారు. దగ్గరికి వచ్చాక పోరు కత్తులతోనే. ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ చెప్పిన దృశ్యం ఒకటుంది. ముబారిజ్ ఏనుగు మావటి దెబ్బ తిని కింద పడిపోయాడు. అప్పటికే ఒళ్లంతా గాయాలు. నెత్తురుతో తడిసిన బట్టలే కఫన్ (శవం మీద కప్పే గుడ్డ) అన్నట్టు, ముబారిజ్ తానే అంకుశం అందుకుని ఏనుగును శత్రువుల మధ్యకు తోలాడు. గాయాలు ఆయన్ని కూల్చేదాకా ఆగలేదు. ఖాఫీ ఖాన్ నిజాం పక్షపు మనిషి అన్నది గుర్తుంచుకోవాలి. ఓడినవాడి గురించి గెలిచిన పక్షం వాడు ఇంత గౌరవంగా రాశాడంటే, ఆ రోజు చూసినవాళ్లకు అది మరపురానిదై ఉండాలి.

ముబారిజ్ కొడుకుల్లో ఇద్దరు అక్కడే చనిపోయారు. మరో ఇద్దరు గాయాలతో పట్టుబడ్డారు. కర్నూలు బహదూర్ ఖాన్ కూడా తిరిగి రాలేదు.

మరాఠాలు ఎటువైపు?

నిజాం వైపు. బాజీరావు 1720లో ఇరవై ఏళ్లకే పీష్వా అయ్యాడు. 1724 మేలో ధార్ దగ్గర నాల్ఛాలో నిజాం, బాజీరావు కలుసుకున్నారు. యుద్ధంలో బాజీరావు పాత్ర ఎంత అన్నదాని మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. మరాఠీ రచనలు పెద్దగా చూపిస్తాయి, పారశీక రచనలు దాదాపు పట్టించుకోవు. కారణం మాత్రం స్పష్టమే. చౌత్ అంటే శిస్తులో నాలుగో వంతు, సర్దేశ్‌ముఖీ అంటే పదో వంతు, కలిపితే నూటికి 35. దీనికి 1719లోనే ఢిల్లీ ఒప్పుకుంది. హైదరాబాద్‌లో దాన్ని ఇవ్వనన్నవాడు ముబారిజ్. అతను పోతే మరాఠాలకు మేలు.

ఆ స్నేహం ఎక్కువ కాలం నిలవలేదు. 1728 ఫిబ్రవరిలో పాల్‌ఖేడ్ దగ్గర ఇదే బాజీరావు, ఇదే నిజాంను నీళ్లకు కూడా కటకటలాడే చోట చుట్టుముట్టి లొంగదీశాడు. మార్చిలో ముంగీ షేగావ్ ఒప్పందంతో చౌత్ హక్కును నిజాం ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఓడిపోయినవాణ్ని ఉసిగొల్పింది చక్రవర్తే కదా, ఆయన ఏం చేశాడు?

నిజాం ముబారిజ్ తలను ఢిల్లీకి పంపాడు. మీ మీద తిరగబడినవాణ్ని చంపాను అన్నట్టుగా, శుభాకాంక్షలతో. అది అందుకున్నప్పుడు మహమ్మద్ షా ముఖం ఎలా ఉందో ఊహించుకోవాల్సిందే. ఆయనకు వేరే దారి లేదు. 1725లో నిజాంను దక్కన్ సుబేదారుగా ఒప్పుకుని 'ఆసఫ్ జా' బిరుదు ఇచ్చాడు. మాళవ, గుజరాత్ మాత్రం ఆయన చేతి నుంచి తీసేసి గిరిధర్ బహదూర్, సర్‌బులంద్ ఖాన్‌లకు ఇచ్చాడు.

హైదరాబాద్ వెంటనే లొంగిందా?

నగరం లొంగింది, గోల్కొండ లొంగలేదు. ముబారిజ్ కొడుకు ఖ్వాజా అహ్మద్ ఖాన్ కోట తలుపులు మూసుకుని నెలల తరబడి కూర్చున్నాడు. ఔరంగజేబు అంతటివాడికే 1687లో ఎనిమిది నెలలు పట్టిన కోట అది. తన తాత ఆ గోడల కిందే చెయ్యి పోగొట్టుకున్నాడని నిజాంకు తెలుసు. కోట మీద దాడి చేయలేదు. మంతనాలు సాగించి, జాగీరు, బిరుదు ఇచ్చి, కోట తీసుకున్నాడు. తండ్రిని చంపినవాడే కొడుకుకు తండ్రి పాత బిరుదు 'షహామత్ ఖాన్' కట్టబెట్టాడు.

మామూలు జనానికి ఏం మారింది?

మొదట్లో కొంత మేలే జరిగింది. హైదరాబాద్ సుబాలో మరాఠా వసూలుదార్లు ఊళ్ల మీద పడకుండా, చౌత్ సొమ్మును తన ఖజానా నుంచే ఇచ్చే ఏర్పాటు నిజాం చేశాడు. బాటల మీద వసూలు చేసే రాహ్‌దారీ సుంకం ఎత్తేశాడు. శిస్తు ఎవరికి కట్టినా కట్టాల్సిందే. కానీ ఒకే పంట మీద ముగ్గురు వచ్చి పడడానికీ, ఒక్కడే రావడానికీ రైతుకు ఎంత తేడానో చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, రాజమండ్రి వైపు అన్వరుద్దీన్ ఖాన్‌ను నియమించాడు. ఈయనే తర్వాత ఆర్కాట్ నవాబు అయ్యాడు.

1724లో నిజాం స్వతంత్రం ప్రకటించుకున్నాడా?

లేదు. ఈ పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. సింహాసనం ఎక్కలేదు, రాజునని అనలేదు. శుక్రవారం నమాజులో చదివే ఖుత్బా చక్రవర్తి పేరు మీదే చదివించాడు. నాణేల మీద మొఘల్ చక్రవర్తి పేరు 1857 తిరుగుబాటు అణిగిపోయేదాకా కొనసాగింది. 1739లో నాదిర్ షా వచ్చినప్పుడు ఈ నిజామే ఢిల్లీలో చక్రవర్తి పక్కన ఉన్నాడు. కానీ శకర్‌ఖేడా తర్వాత సైన్యం, శిస్తు, నియామకాలు అన్నీ ఆయన చేతిలోనే. అందుకే 1724ను ఆసఫ్ జాహీ పాలనకు మొదలుగా లెక్కపెడతారు. 1948 సెప్టెంబర్ దాకా, 224 ఏళ్లు. రాజధాని కూడా వెంటనే హైదరాబాద్‌కు రాలేదు. ఔరంగాబాద్ నుంచి మారింది 1763లో, నిజాం అలీ ఖాన్ కాలంలో.

ఏడు కుల్చాల (రొట్టెల) కథ నిజమేనా?

నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ గురువు ఆకలితో వచ్చిన నిజాంకు కుల్చాలు పెట్టాడని, ఆయన ఏడు తిన్నాడని, అందుకే ఏడు తరాలు ఏలతారని దీవించాడని కథ. ఆసఫ్ జాహీల జెండా మీద కుల్చా ఉన్నది నిజం. ఏడుగురు నిజాములు అయ్యాక పాలన ముగియడమూ నిజం. కథ మాత్రం కథే. ఆ గెలుపు వెనుక ఉన్నది ముందే చేరుకున్న ఔరంగాబాద్, సిద్ధంగా పెట్టుకున్న తోపులు, కుదుర్చుకున్న పొత్తు.

ముబారిజ్ గెలిచి ఉంటే?

ఆయన కొడుకులు అప్పటికే ఫౌజుదార్లు. మామగారికి దర్బారులో పలుకుబడి ఉంది. ఖజానా సొంతం. బెంగాల్‌లో ముర్షిద్ కులీ ఖాన్, అవధ్‌లో సాదత్ ఖాన్ అదే కాలంలో తమ సుబాలను సొంతం చేసుకునే పనిలో ఉన్నారు. కాబట్టి ఢిల్లీకి ఆరు సుబాలు తిరిగి దక్కేవని నేననుకోను. హైదరాబాద్‌లో ఒక వంశం పాతుకునేది, ఆ వంశం పేరు వేరుగా ఉండేది. అది కూడా ఔరంగాబాద్‌కు కాకుండా మొదటి రోజు నుంచే హైదరాబాద్‌కు చెందినదై ఉండేది.

ఇప్పుడు వెళ్లి చూడటానికి ఏమైనా మిగిలిందా?

నిజాం 1748లో బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. సమాధి ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్ దర్గాలో ఉంది. ఔరంగజేబు సమాధి కూడా అక్కడికి దగ్గర్లోనే.

ముబారిజ్ ఖాన్‌ను చూడాలంటే మాత్రం హైదరాబాద్‌లోనే వెతకాలి. పాతనగరం చుట్టూ ప్రహరీ గోడ కట్టడం మొదలుపెట్టింది ఆయనే. శకర్‌ఖేడాకు బయల్దేరేనాటికి ఆ పని పూర్తి కాలేదు. ఆయన్ని చంపినవాడే తర్వాత దాన్ని పూర్తి చేయించాడు. 13 దర్వాజాల్లో ఇప్పుడు నిలిచి ఉన్నవి రెండే, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. పురానాపూల్ వైపు వెళ్తే ఆ దర్వాజా కింద ఒక్క నిమిషం ఆగి, పక్కకు జరిగి గోడ రాయి మీద చెయ్యి పెట్టి చూడండి. బస్సులు, ఆటోలు పక్క నుంచే పోతుంటాయి. ఆయన పేరు చెప్పే బోర్డు కోసం నేను చూశాను, కనిపించలేదు.